ఒకే నియమావళి, వేర్వేరు ఊళ్లు: ఆరోగ్య కమిటీ ఒకచోట నిలబడి మరోచోట ఎందుకు కూలుతుంది?

ప్రశ్న · ఊరిబడి

అందరికీ నమస్కారం. పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో ఊరి ఆరోగ్య కేంద్రానికి తోడుగా వేసే ప్రజల కమిటీల గురించి శిక్షకుల కోసం ఒక చేతిపుస్తకం తయారు చేస్తున్నాం. ఐదారు దేశాల మార్గదర్శకాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఇంతమంది సభ్యులు, అందులో ఇంతమంది ఆడవాళ్లు, నెలకో మూడు నెలలకో సమావేశం, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఒక తీర్మానాల పుస్తకం. కాగితం మీద తేడా లేదు. నేల మీద మాత్రం ఒక కమిటీ మందుల కొరత గురించి జిల్లా ఆఫీసు దాకా వెళ్లి పని చేయించుకొస్తుంది. కొద్ది దూరంలో అదే నియమాలతో పుట్టిన మరో కమిటీ సంతకాలు పెట్టడానికే మిగిలిపోతుంది.

"స్థానిక పరిస్థితులను బట్టి" అనే మాట ప్రతి మార్గదర్శకంలోనూ ఉంది. ఆ పరిస్థితులు ఏమిటో, ఎలా తెలుసుకోవాలో, తెలిశాక దేన్ని మార్చాలో మాత్రం రాసి లేదు. కాబట్టి అడుగుతున్నాను. కమిటీ వేయకముందు ఏమేం చూడాలి? డబ్బుకీ చట్టానికీ ఇందులో ఎంత పాత్ర ఉంది? నియమాల్లో ఏవి ఎక్కడైనా గట్టిగా పట్టుకోవాలి, ఏవి ఊరికి వదిలేయాలి?


జవాబు · తీర్మానాల_పుస్తకం

"స్థానిక" అన్న మాట దగ్గరే చాలా శిక్షణలు దారి తప్పుతాయండి. ఆ మాట వినగానే ఊళ్లో కులాలు, తెగలు, పెద్దమనుషులు, ఆడవాళ్ల చదువు గుర్తొస్తాయి. అవి చూడాల్సినవే. కానీ కమిటీ ఊపిరి ఆగిపోయేది ఎక్కువగా ఊరి బయట జరిగే వాటివల్ల. నాలుగు చోట్ల వెతకాలి: ఊరు, ఆరోగ్య కేంద్రం, కేంద్రం పైనున్న శాఖ, ఆ పైన దేశ రాజకీయం.

ముందు కేంద్రం సంగతి. అది తెరిచి ఉండకపోతే, మందులు లేకపోతే, కమిటీ చేయగలిగింది ఏమీ ఉండదు. జనం నర్సును అడగడం మాని కమిటీ సభ్యుణ్ణి నిలదీస్తారు. అతని చేతిలో ఇండెంట్ (మందులు కావాలని పైకి పంపే పత్రం) లేదు, స్టోర్ తాళం లేదు. నాలుగు నెలలు మాటలు పడ్డాక సమావేశానికి రావడం మానేస్తాడు. మనమేమో "సభ్యుల్లో ఆసక్తి లోపించింది" అని నివేదికలో రాస్తాం.

అందుకే కమిటీ వేసే ముందు గత ఆరు నెలల స్టాక్ రిజిస్టర్ తీయండి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్, అమాక్సిసిలిన్, ఐరన్ మాత్రలు, మలేరియా ఉన్న ప్రాంతమైతే దాని మందు, ఈ ఐదూ ఒక్కొక్కటి ఎన్ని రోజులు సున్నా నిల్వలో ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత కారణం వెతకండి. పైనుంచి సరఫరా లేకపోవడం ఒక రోగం. ఇండెంట్ ఆలస్యంగా పంపడం మరో రోగం. వచ్చిన మందు పక్కదారి పట్టడం మూడో రోగం. మూడింటికీ వైద్యం వేరు. ఇండెంట్ ఆలస్యాన్ని కమిటీ ఒక్క నెలలో సరిచేయించగలదు, ఇండెంట్ తేదీని ప్రతి సమావేశంలో చదివిస్తే చాలు. మందు పక్కదారి పడుతుంటే, పెట్టెలు దిగే రోజున ఇద్దరు సభ్యులు నిలబడి చలానాతో సరిచూసి, రిజిస్టర్‌లో ఎక్కించేదాకా ఉండి సంతకం చేయాలి. పెట్టెలు లెక్కపెట్టి వెళ్లిపోతే లాభం లేదు, లోపలి స్ట్రిప్పుల సంఖ్య చూడాలి. సరఫరాయే లేనిచోట ఒక్క కమిటీ ఏమీ చేయలేదు. పది కేంద్రాల కమిటీలు అవే తేదీలు, అవే మందుల పేర్లతో కలిసి జిల్లాకు రాస్తే దానికి బరువుంటుంది.

తర్వాత సిబ్బంది. నర్సు కంటికి ఈ కమిటీ ఎలా కనపడుతోంది? తన తప్పులు పట్టడానికి పంపిన నిఘాలాగా కనపడితే మొదటి రోజే రిజిస్టర్లు బీరువాలోకి వెళ్లిపోతాయి. కాబట్టి తొలి మూడు సమావేశాల్లో సిబ్బందికి ఏం లోటుందో అది కూడా ఎజెండాలో ఉండాలి: నీళ్లు, రాత్రి కాన్పుకి వెలుతురు, క్వార్టర్ తలుపుకి గడియ. ఇది ముఖస్తుతి కాదు. నర్సు రాత్రి ఆ ఊళ్లో ఉండగలిగితేనే రాత్రి కాన్పు జరుగుతుంది.

పై శాఖ గురించి ఒక్క ప్రశ్న చాలు. కమిటీ రాసిన తీర్మానం ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, ఎన్ని రోజుల్లో జవాబు రావాలి? ఆ అధికారి హోదా, గడువు రాతపూర్వకంగా లేకపోతే ముందు అవి రాయించండి. సభ్యులకు శిక్షణ ఇచ్చి అధికారికి ఇవ్వకపోవడం చాలా కార్యక్రమాల్లో జరుగుతున్న పెద్ద తప్పు. మూడు ఉత్తరాలకు జవాబు రాకపోతే నాలుగో ఉత్తరం ఎవరూ రాయరు.

ఇక దేశ రాజకీయం. నేపాల్‌లో ఆరోగ్య కేంద్రాల నిర్వహణ కమిటీకి స్థానిక ప్రజాప్రతినిధి అధ్యక్షుడిగా ఉండాలన్నది ఏర్పాటు. 2002లో స్థానిక సంస్థల గడువు తీరింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2017లో. ఆ మధ్య పదిహేనేళ్లు ఎన్నికైన మనిషే లేడు, ప్రభుత్వ కార్యదర్శులతో నెట్టుకొచ్చారు. అందులో 2006 వరకు అంతర్యుద్ధం. కార్యదర్శి ఊళ్లో ఉండలేక జిల్లా కేంద్రంలో ఉంటే కమిటీ సంతకం కూడా అక్కడే ఉంటుంది. ఈ లోటును ఏ శిక్షణా పూడ్చలేదు. 2015 రాజ్యాంగం తర్వాత 753 స్థానిక ప్రభుత్వాలు వచ్చి, బడ్జెట్ అక్కడికి దిగాక అదే కమిటీ అడగాల్సిన గుమ్మం మారిపోయింది.

బంగ్లాదేశ్ చూడండి. దాదాపు 6,000 మందికి ఒకటి చొప్పున కమ్యూనిటీ క్లినిక్‌లు 1998లో తలపెట్టారు. స్థలం ఊరివాళ్లే ఇచ్చారు, నడపడానికి ఊరి బృందం వేశారు. 2001లో ప్రభుత్వం మారాక క్లినిక్‌లు మూతపడ్డాయి, 2009లో మళ్లీ తెరిచారు. స్థలం ఇచ్చిన ఊరు, ఆ స్థలంలో తాళం వేసిన గది చూసుకుంటూ ఎనిమిదేళ్లు గడిపింది. అలాంటి చోటికి "రండి, భాగస్వాములవ్వండి" అని మళ్లీ వెళ్లినప్పుడు వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకు మీ చేతిపుస్తకంలో సిద్ధంగా జవాబు ఉండాలి.


జవాబు · ఖాతాపుస్తకం

డబ్బు గురించి. ఇది చిన్న అంశంలా కనిపిస్తుంది గానీ కమిటీ ఏ పని చేస్తుందో నిర్ణయించేది ఇదే.

భారత్‌లో 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో పాటు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీలు వచ్చాయి, ఆ తర్వాత పేరులో పోషణ కూడా చేరింది. కమిటీకి ఏడాదికి 10,000 రూపాయల షరతుల్లేని నిధి అన్నారు. నెలకు లెక్కేస్తే 833 రూపాయలు. 500 మంది ఉన్న ఊళ్లో తలకు 20 రూపాయలు, 1,000 మందికి 10, అదే 4,000 మంది ఉన్న ఊళ్లో రెండున్నర. మొదటి ఊళ్లో ఆ డబ్బుతో బావి చుట్టూ గట్టు కట్టించి, అత్యవసరంలో గర్భిణిని ఆసుపత్రికి చేర్చే బండి కిరాయి కూడా ఇవ్వవచ్చు. పెద్ద ఊళ్లో అదే మొత్తం బ్లీచింగ్ పౌడర్‌కే అయిపోతుంది, మిగతా జనానికి కమిటీ ఉందన్న సంగతే తెలియదు. అంకె ఒకటే, దాని అర్థం ఊరిని బట్టి మారింది. జనాభాను బట్టి మెట్లు పెట్టకుండా ఒకే మొత్తం ఇస్తే ఇలాగే అవుతుంది.

ఆ డబ్బు ఎప్పుడు వస్తుందన్నది మొత్తం కంటే ముఖ్యం. ఆర్థిక సంవత్సరం చివర్లో పడితే కొన్ని వారాల్లో ఖర్చుపెట్టి వినియోగ పత్రం ఇవ్వాలి, ఇవ్వకపోతే తర్వాతి విడత ఆగుతుంది. అప్పుడు కొనేవి కుర్చీలు, బోర్డులు, బీరువాలు, ఎందుకంటే వాటికి బిల్లు వెంటనే దొరుకుతుంది. పేదింటి రోగికి బండి కిరాయి ఇస్తే బిల్లు దొరకదు. దీనికి రెండు పనులు చేయాలి. ఏడాది మొదట్లోనే వరుస సంఖ్యలతో ఖర్చు ప్రణాళిక తీర్మానించి, ధరల కొటేషన్లతో సిద్ధంగా ఉంచుకోవడం ఒకటి. బిల్లు రాని ఖర్చులకు సొంత ఓచర్ నమూనా పెట్టుకోవడం రెండోది: ఎవరికి, ఎందుకు, ఎంత, తీసుకున్నవారి సంతకం లేదా వేలిముద్ర, సాక్షిగా ఇద్దరు సభ్యులు. ఆడిట్ ఈ ఓచర్‌ని ఒప్పుకుంటుందని ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి, లేకపోతే కార్యదర్శి భయంతో ఆ ఖర్చు జోలికే పోరు.

సంతకాలు. ఇద్దరివీ తప్పనిసరి అన్నచోట ఆ ఇద్దరూ చెరో వర్గం వాళ్లైతే చెక్కు నెలలకొద్దీ ఆగిపోతుంది. ఇద్దరూ ఒకే ఇంటి వర్గమైతే అసలు ఆగదు, అది ఇంకా ప్రమాదం. ముగ్గురి పేర్లు ఇచ్చి, అందులో ఏ ఇద్దరైనా సరిపోయేట్టు ఖాతా తెరవడం మేలు, ముగ్గురిలో ఒకరు కేంద్రం సిబ్బంది అయి ఉండాలి. బ్యాంకు చాలా దూరమైతే ఒక్కసారి వెళ్లి రావడానికి ఒకరి రోజు కూలీ, ఇద్దరి చార్జీలు పోతాయి. అలాంటిచోట నెలనెలా తీయకుండా మూడు నెలలకోసారి తీసి, పరిమితి పెట్టిన చిల్లర నగదుగా ఉంచి, క్యాష్ బుక్ నిల్వను ప్రతి సమావేశంలో పైకి చదివించాలి.

మరో విషయం రోగుల రుసుము. 1987లో ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు మాలి రాజధాని బమాకోలో తలపెట్టిన కార్యక్రమం (బమాకో ఇనిషియేటివ్) తర్వాత ఆఫ్రికాలో చాలా చోట్ల మందులు అమ్మిన డబ్బుతోనే మళ్లీ మందులు కొనే పద్ధతి వచ్చింది, ఆ పెట్టె కమిటీ చేతిలో ఉండేది. చేతిలో డబ్బుంది కాబట్టి సమావేశానికి అర్థముంది. కానీ కట్టలేనివాళ్లు కేంద్రానికి రాకుండా పోయారు. ఉగాండా 2001లో ప్రభుత్వ కేంద్రాల్లో రుసుములు ఎత్తేసింది. రోగులకు అది న్యాయం, జనం కేంద్రాలకు ఎక్కువగా రావడం మొదలైంది. కమిటీకి మాత్రం తాను నిర్ణయించే సొంత సొమ్ము పోయింది. కెన్యా 2010లో కేంద్రాల ఖాతాల్లోకే నేరుగా నిధి వేసే పద్ధతి పెట్టింది, ఖర్చుకి కమిటీ ఆమోదం కావాల్సి ఉండేది. 2013లో కౌంటీ (మన జిల్లాల్లాంటి ప్రాంతాలు) ప్రభుత్వాలు వచ్చాక చాలా కౌంటీల్లో కేంద్రాల ఆదాయం కౌంటీ ఖజానాలో కలిసిపోయింది. సభ్యులు వాళ్లే, శిక్షణ అదే, నిర్ణయించడానికి డబ్బు లేకుండా పోయింది. రుసుము ఎత్తేయడం తప్పని నేను అనడం లేదు, ఎత్తేయాల్సిందే. ఎత్తేసిన రోజునే దాని స్థానంలో కమిటీ చేతికి ఏ డబ్బు వస్తుందో కూడా అదే ఉత్తర్వులో ఉండాలి.

భత్యం గురించి ఒక్క మాట. "గౌరవ సభ్యత్వం" అంటే కూలీ పోయినా ఫర్వాలేదనుకునేవాళ్ల సభ్యత్వం అని అర్థం. కూలీ మీద బతికేవాళ్లు కావాలంటే దారి ఖర్చు, అరపూట కూలీ ఇవ్వండి. కానీ ప్రాజెక్టు డబ్బుంది కదా అని, రేపు స్థానిక బడ్జెట్ మోయలేనంత ఇవ్వొద్దు. ప్రాజెక్టు వెళ్లిన నెలలోనే కోరం లేక సమావేశాలు ఆగిపోతాయి.


జవాబు · చట్టంచదువరి

చట్టపరంగా కమిటీ ఎవరు? ఈ ప్రశ్నకు దేశదేశానికీ జవాబు వేరు. దాన్నిబట్టే శిక్షణలో చెప్పేదీ మారాలి.

పెరూలో 1994లో మొదలైన స్థానిక ఆరోగ్య నిర్వహణ సంఘాలు రిజిస్టరైన, లాభాపేక్ష లేని సంఘాలు. ఏడాది ఆరోగ్య ప్రణాళిక రాసుకుని ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటాయి, ఖాతా నడుపుతాయి, సిబ్బందిని తామే నియమించుకునే వీలుంది. మాలిలో 1989లో బమాకోలోని బంకోని పేటలో మొదటి సామాజిక ఆరోగ్య సంఘం పుట్టింది. అక్కడ కేంద్రమే సంఘానిది. ఇలాంటిచోట సభ్యులకు నేర్పాల్సింది జీతాల పట్టిక, ఒప్పంద షరతులు, ఏడాది లెక్కల ప్రకటన. ఒక నర్సును తీసేసే అధికారం ఉన్న సంఘానికి ఆమె వాదన వినే పద్ధతి కూడా రాసి ఉండాలి, లేకపోతే ఊరి కక్షలు ఉద్యోగాల మీదికి వస్తాయి.

దక్షిణాఫ్రికాలో 2003 జాతీయ ఆరోగ్య చట్టం 42వ సెక్షన్ క్లినిక్‌లకు, సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కమిటీ ఉండాలంటుంది. స్థానిక కౌన్సిలర్, ప్రజల నుంచి సభ్యులు, కేంద్రం అధిపతి అందులో ఉండాలి. కమిటీ ఏం చేయాలన్నది మాత్రం ప్రావిన్సు చట్టాలకు వదిలింది. దాంతో ప్రావిన్సుకో తీరు వచ్చింది. కమిటీ ఉందని చట్టం చెప్పింది గానీ దాని చేతికి ఏమీ ఇవ్వలేదు.

ఇక చాలా దేశాల్లో కమిటీ పుట్టేది శాఖ ఉత్తర్వుతో. ఉత్తర్వు మారితే కమిటీ పోతుంది. అలాంటిచోట సభ్యులకు "మీరే కేంద్రానికి యజమానులు" అని బోధించడం అన్యాయం. లేని అధికారం ఉందని నమ్మి జిల్లా ఆఫీసుకు వెళ్లి అవమానపడి వస్తారు. ఉన్నదేమిటో ఒక్క పేజీలో రాసివ్వండి: ఏ రిజిస్టర్ అడిగి చూడొచ్చు, ఏది చూడకూడదు, ఏ ఖర్చుకి వాళ్ల సంతకం కావాలి, ఎవరికి రాయొచ్చు. రోగుల పేర్లున్న రిజిస్టర్ చూడకూడదు, హెచ్‌ఐవీ, క్షయ, గర్భస్రావం వివరాలు అసలే అడగకూడదు. ఈ గీత చెప్పకుండా "పర్యవేక్షణ" నేర్పిస్తే రోగులే కేంద్రానికి రావడం మానేస్తారు.


ఊరిబడి

చాలా ఉపయోగపడే జవాబులు, కృతజ్ఞతలు. రెండు అనుమానాలు. మొదటిది, ఊరి స్థాయిలో పరిస్థితి తెలుసుకోడానికి మా శిక్షకులకు ఊరికి మూడు రోజులే ఉంటాయి. అందులో ఏం చేయగలరు? రెండోది, సగం మంది ఆడవాళ్లుండాలన్న నియమం చాలా చోట్ల అంకెగా నెరవేరుతోంది, మాట మాత్రం వినపడటం లేదు.


జవాబు · నర్సింగ్‌పాఠం

మూడు రోజులు చాలండి, సరిగ్గా వాడుకుంటే.

మొదటి రోజు కేంద్రంలోనే కూర్చోండి. గత మూడు నెలల ఓపీ రిజిస్టర్ తీసి, వచ్చినవాళ్ల పేర్లు పక్కనబెట్టి, ఏ పేట నుంచి ఎంతమంది వచ్చారో గీతలు గీసి లెక్కపెట్టండి. దాన్ని పేటల జనాభాతో పోల్చండి. ఒక పేటలో ఊరి జనాభాలో మూడో వంతు ఉండి, రిజిస్టర్‌లో పదో వంతు కూడా లేకపోతే మీరు రెండో రోజు వెళ్లాల్సింది ఆ పేటకే. ఊరి పెద్దలు మిమ్మల్ని తీసుకెళ్లే పేట అది కాదని గుర్తుంచుకోండి.

రెండో రోజు ఆ పేటలో, దానితోపాటు అన్నిటికంటే దూరంగా ఉన్న ఇళ్ల దగ్గర, విడివిడిగా మాట్లాడండి. పసిపిల్లల తల్లులు, భూమి లేనివాళ్లు, ముసలివాళ్లు, వలస వెళ్లొచ్చే కుర్రవాళ్లు. అభిప్రాయాలు అడగొద్దు, జరిగింది అడగండి. కిందటిసారి ఇంట్లో జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లారు, ఎంతైంది, ఈ కేంద్రానికి ఎందుకు రాలేదు, చివరిసారి వచ్చినప్పుడు ఎవరేమన్నారు. "కేంద్రం ఎలా ఉంది" అంటే అందరూ బాగుందనే అంటారు. నర్సు మాట్లాడే భాష వేరు, పేట భాష వేరు అయితే అది కూడా ఆ రోజే తేలుతుంది. అలాంటిచోట ఆ భాష వచ్చిన సభ్యులు ఇద్దరైనా ఉండాలి, ఒక్కరుంటే వాళ్లు అనువాదకులుగానే మిగిలిపోతారు.

మూడో రోజు ఊళ్లో ఇప్పటికే ఉన్న కమిటీలన్నీ రాయండి: నీళ్లు, బడి, అడవి, పొదుపు సంఘం, గుడి లేదా మసీదు లేదా చర్చి. వాటి సభ్యుల పేర్లు పక్కపక్కన రాస్తే మూడు నాలుగు జాబితాల్లో కనిపించేవాళ్లు తేలతారు. వాళ్లను ఇందులోకి తీసుకుంటే కమిటీ మూడు నెలల్లో నీరసిస్తుంది, వాళ్లు చెడ్డవాళ్లని కాదు, సమయం లేక. పొదుపు సంఘం గట్టిగా ఉన్నచోట కొత్త కమిటీని దాని సమావేశం రోజుకే ఆనించి పెట్టండి. అక్కడ లెక్కలు రాయడం, అప్పు అడగడం, కాదనడం ముందే అలవాటై ఉంటుంది. సాయంత్రం మీరు తెలుసుకున్నది ఊరి ముందు చదివి తప్పులు దిద్దించుకోండి. ఎవరు ఏమన్నారో మాత్రం పేర్లతో చెప్పొద్దు.

ఇక ఆడవాళ్ల మాట. అంకె నెరవేరినా మాట రాకపోవడానికి కారణాలు చాలా మామూలువి. సమావేశం వంటవేళ పెడతారు. కూర్చునే చోట కుర్చీలు తక్కువైతే వాళ్లు గోడవార నేల మీద కూర్చుంటారు. కోడలు ఉన్న కమిటీలోనే మామగారు కూడా ఉంటారు. ఎజెండా ముందు తెలియదు, తెలియనిదాని మీద మాట్లాడటం ఎవరికైనా కష్టమే. కాబట్టి ఒక ఇంటినుంచి ఒక్కరే అన్న నియమం పెట్టండి. సమావేశానికి రెండు రోజుల ముందు ఆడ సభ్యులు విడిగా అరగంట కూర్చుని రెండు అంశాలు తేల్చుకుని, ఎజెండాలో మొదటి రెండూ అవే ఉండేట్టు చూడండి. చివర్లో పెడితే అక్కడికి చేరేలోపు సగం మంది లేచిపోతారు. అందరూ కిందే కూర్చోవడం చిన్న మార్పు, చాలా మారుస్తుంది. తేల్చాల్సింది ఉంటే చేతులెత్తించకుండా గింజలతో ఓటు వేయించండి, ఒక్కో అంశానికి ఒక డబ్బా పెట్టి.

పదవి ఎవరికి ఇచ్చామన్నది కూడా చూడాలి. భారత్‌లో 2013 మార్గదర్శకాలు కమిటీకి కనీసం 15 మంది ఉండాలని, ఎన్నికైన మహిళా వార్డు సభ్యురాలు అధ్యక్షురాలిగా, ఆశా కార్యకర్త సభ్య కార్యదర్శిగా ఉండాలని చెప్పాయి. మంచి ఉద్దేశం. కానీ ఆశాకు వచ్చే ప్రోత్సాహకాల లెక్క మీద పైవాళ్ల సంతకం కావాలి. తన పారితోషికం ఎవరి సంతకంతో వస్తుందో వాళ్ల పనితీరు మీద ఫిర్యాదును ఆమె చేతులతోనే రాయమంటున్నాం. ధైర్యం లేకపోవడం అనొద్దు, అలా ఇరికించింది మనం. ఫిర్యాదుల పుస్తకం మాత్రం శాఖ నుంచి ఏమీ తీసుకోని మరో సభ్యురాలి దగ్గర ఉంచండి.

చదువురానివాళ్ల కోసం బొమ్మలతో రిజిస్టర్ పెట్టవచ్చు. ఎడమన సమస్య బొమ్మ, తర్వాత మూడు గళ్లు: మన చేతిలో ఉన్నది, కేంద్రం చేతిలో ఉన్నది, పై ఆఫీసు చేతిలో ఉన్నది. సమస్యను ఏ గడిలో వేయాలో మాట్లాడుకోవడమే సగం శిక్షణ. మొదటి సమావేశంలో మొదటి గడిలో పడే సమస్య ఒకటైనా ఉండి, ముప్పై రోజుల్లో తీరాలి. మరుగుదొడ్డికి తలుపు, ఓపీ వేళల బోర్డు, ఏదైనా సరే.


జవాబు · రుజువులు_ఏవి

పైన చెప్పినవాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను. కానీ చేతిపుస్తకంలో "కమిటీ వేస్తే మరణాలు తగ్గుతాయి" అని మాత్రం రాయొద్దని నా విన్నపం.

అలా రాసేవాళ్లు సాధారణంగా చూపించేది ఉగాండా అధ్యయనం. 50 ఆరోగ్య కేంద్రాలు తీసుకుని, వాటిలో సగం కేంద్రాల పరిధిలో, కేంద్రం పనితీరు ఎలా ఉందో చెప్పే కార్డు తయారుచేసి, ప్రజలనూ సిబ్బందినీ విడిగా, ఆ తర్వాత కలిపి కూర్చోబెట్టి ఒప్పందం రాయించారు. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల మరణాలు 33 శాతం తగ్గాయి. చాలా పెద్ద ఫలితం. అదే దేశంలో, అదే పద్ధతిని, తర్వాత అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కేంద్రాల్లో మళ్లీ చేసి చూస్తే మరణాల్లో తేడా కనపడలేదు. చికిత్స నాణ్యతలో, రోగుల సంతృప్తిలో కొద్దిపాటి మెరుగు మాత్రమే వచ్చింది.

ఒకే దేశంలోనే కొన్నేళ్ల తేడాతో ఇలా అయిందంటే, మీ ప్రశ్నకు దీన్ని మించిన ఉదాహరణ లేదు. పని చేసింది కార్డు ఒక్కటే అనుకుని, దాన్ని మాత్రం ఎత్తుకెళ్లి మరోచోట నాటితే అదే పంట రాదు. కాబట్టి మరణాల లెక్క వదిలేసి కమిటీ చేతిలో ఉన్నవాటినే కొలవండి: మందు సున్నా నిల్వలో ఉన్న రోజులు, కేంద్రం తెరిచిన గంటలు, ఓపీలో దూరపు పేట వాటా, రాసిన తీర్మానాల్లో జవాబు వచ్చినవి ఎన్ని. ఈ నాలుగూ ఒకే పేజీలో పడతాయి.


ఊరిబడి

ఆఖరి ప్రశ్న మిగిలింది. గట్టిగా పట్టుకోవాల్సినవి ఏవి, వదిలేయాల్సినవి ఏవి?


జవాబు · తీర్మానాల_పుస్తకం

వదిలేయగలిగినవే ఎక్కువ. సభ్యుల సంఖ్య, సమావేశం రోజు, ఎంత తరచుగా కూర్చోవాలి, ఎన్నిక చేతులెత్తా గింజలతోనా, అధ్యక్షత ఒకరిదా వంతులవారీగానా, ఇవన్నీ ఊరు తేల్చుకోవచ్చు. నాట్లు, కోతల కాలంలో రెండు నెలలు సమావేశం లేకపోతే కొంప మునగదు, మందుల పెట్టెల లెక్కకు ఇద్దరు వస్తే చాలు. అంతర్యుద్ధం నుంచి బయటపడిన ప్రాంతాల్లో వర్గానికో అధ్యక్షుణ్ణి ఆరు నెలల వంతుగా పెట్టడం నియమావళిలో లేకపోవచ్చు, అయినా ఒప్పుకోండి.

పట్టుకోవాల్సినవి నాలుగు. ఓపీ రిజిస్టర్ లెక్కలో వెనకబడిన పేట నుంచి కనీసం ఇద్దరు సభ్యులు, వాళ్లను ఎంచుకునేది ఆ పేటే. ఖాతా నిల్వ, మందుల నిల్వ అందరికీ కనిపించే గోడ మీద, నెలకోసారి తాజాగా. పై ఆఫీసు నుంచి జవాబుకి గడువు, ఆ గడువు దాటితే రాయాల్సిన తర్వాతి హోదా. రోగుల గోప్యత.

ఇంకొకటి, నర్సింగ్‌పాఠం గారు చెప్పిన మూడు గళ్ల రిజిస్టర్‌కి నాలుగో గడి కూడా కలపండి: "ఎవరికి తిరిగి చెప్పాం, ఏ రోజు". ఫిర్యాదు చేసిన మనిషికి సమస్య తీరిందనో, తీరలేదనో, ఎందుకు తీరలేదనో చెప్పిన తేదీ అందులో పడాలి. ఆ గడి ఖాళీగా ఉంటే పక్క గళ్లలో ఏం రాసినా సమావేశం ముగించొద్దు. ముందు ఆ మనిషి ఇంటికి ఎవరు వెళ్తారో పేరు రాసి, తర్వాతి సమావేశంలో మొదట ఆ గడినే చదవండి.